నలుగురూ కూర్చునే ఇల్లు

మన పేపర్లలో 'పబ్' అనే మాట ఒంటరిగా రాదు. వెంట ఇంకో మాటని తోడు తెచ్చుకుంటుంది. పబ్బుపై దాడి, పబ్బులో గొడవ, పబ్బు నుంచి వస్తూ కారు ప్రమాదం... ఆ వార్తలు దిద్దేవాళ్లు మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటారు కాబట్టి ఆ జంట పదాలు నాకూ కంఠతా వచ్చేశాయి. మసక చీకటి, తిరిగే రంగు లైట్లు, పక్కవాడి మాట వినపడనంత మోత, అర్ధరాత్రి దాటాక పోలీసులు. మనకు తెలిసిన పబ్ ఇదే.

ఆ మాట పుట్టిన ఊళ్లో మాత్రం దాని ముఖం వేరు. పబ్లిక్ హౌస్ అన్న రెండు మాటల్ని కుదించి పెట్టుకున్న ముద్దుపేరు అది. నలుగురి ఇల్లు అన్నమాట. లండన్‌లో ఓ మామూలు పేటలోని పబ్‌లోకి మధ్యాహ్నం పూట అడుగుపెడితే కనిపించేవి... అరిగిపోయిన కార్పెట్టు, నాలుగు చెక్కబల్లలు, గోడకి పాత ఫొటోలు, బల్ల కింద నిద్రపోతున్న కుక్క, పక్కన మనవరాలికి చిప్స్ తినిపిస్తున్న తాతయ్య. డ్యాన్సు లేదు. డీజే లేడు. పిల్లలకి మద్యం పొయ్యరు గానీ, పెద్దవాళ్లతో కలిసి భోజనానికి వస్తే చాలాచోట్ల కాదనరు.

ఈ తేడా ఒంగోల్లో ఉన్న మా పిన్నికి చెప్పడం ఎలా అన్నది 2024 వేసవిలో నా ముందున్న ప్రశ్న.

పదిరోజులు సెలవు పెట్టి లండన్ వెళ్తున్నానని తెలియగానే పిన్ని ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి, అంటే నా తమ్ముడు, అక్కడ ఓ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తున్నాడు. "వాడు పబ్బులకెళ్తున్నాడంటమ్మా. ఎవరో ఫొటో చూసి చెప్పారు. నువ్వు వెళ్లి కళ్లారా చూడు. చూసింది చూసినట్టు నాకు చెప్పు, దాచొద్దు" అంది. పచ్చళ్ల సీసా, సున్నుండల డబ్బా, దాంతోపాటు ఈ బాధ్యతా నా సూట్‌కేసులోకి ఎక్కాయి.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా బాబాయి తాగుడుతోనే పోయాడు, 2009లో. అప్పటికి తమ్ముడికి పద్నాలుగేళ్లు. సాయంత్రం బ్రాందీ షాపు ముందు నిలబడి గ్లాసు ఎత్తి గొంతులో పోసుకుని, చేత్తో మూతి తుడుచుకుని రెండు నిమిషాల్లో బయటపడేవాడు. మళ్లీ గంటకి ఇంకోసారి. 1995 నుంచి 1997 దాకా మన రాష్ట్రంలో మద్యనిషేధం నడిచిన రోజుల్లో ఆయన చీకటి పడకుండానే ఇంటికి చేరేవాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది. తన కాపురం మొత్తంలో ఆమె లెక్కపెట్టుకునే మంచిరోజులవి.

అందుకని లండన్‌లో నేను చూసిన పబ్బులన్నిటినీ ఓ కంటితో పర్యాటకురాలిగా, ఇంకో కంటితో పిన్ని తరఫు సాక్షిగా చూశాను.

బొమ్మ చూసి గుర్తుపట్టండి

మొదట మా తమ్ముడు నన్ను తీసుకెళ్లింది థేమ్స్ నదికి దక్షిణాన సదర్క్‌లో ఉన్న 'ది జార్జ్'కి. 1676లో అగ్నిప్రమాదం జరిగాక, మరుసటేడు మళ్లీ కట్టిన సత్రం అది. పై అంతస్తుల పొడుగునా చెక్క వసారాలుంటాయి. లండన్‌లో అలాంటి వసారాల సత్రం ఇదొక్కటే మిగిలింది. గుర్రపు బళ్లు ఆగే రోజుల్లో ప్రయాణికులు ఇక్కడే దిగి, తిని, పడుకునేవారు. ఇదే వీధిలో ఒకప్పుడు 'టాబర్డ్' అనే సత్రం ఉండేది. ఆంగ్ల కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లోని యాత్రికులందర్నీ కలిపింది అక్కడే. మన కాశీ యాత్రికులు దారి పొడుగునా సత్రాల్లో కలుసుకుని కథలు చెప్పుకున్నట్టే అనుకోండి. కాకపోతే అక్కడ మజ్జిగ బదులు బీరు.

ప్రయాణికుల కోసం పెద్ద సత్రాలుంటే, ఊరివాళ్ల కోసం చిన్న ఇళ్లుండేవి. పాతకాలపు ఇంగ్లండులో బార్లీతో 'ఏల్' కాచేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంటి అవసరాలకి పోను మిగిలింది అమ్మేవారు. సరుకు సిద్ధమైతే గుమ్మం ముందు ఓ కర్ర పాతి, దాని చివర ఆకుల కొమ్మ కట్టేవారు. అదే బోర్డు. అమ్మేది ఇంట్లోనే, తాగేదీ ఆ ఇంటి ముందుగదిలోనే. పబ్బుల పేరులోకి 'ఇల్లు' వచ్చిందంటే రాదూ మరి!

1393లో రెండో రిచర్డ్ రాజు ఏల్ అమ్మే ప్రతి ఇంటి ముందూ గుర్తు కట్టాల్సిందేనన్నాడు. తనిఖీకి వచ్చేవాళ్లకి తేలిగ్గా తెలియాలిగా. జనానికి చదువు రాదు కాబట్టి అక్షరాలకు బదులు బొమ్మలొచ్చాయి. తెల్ల దుప్పి ఆ రాజుగారి చిహ్నమే. ఎర్ర సింహం, కిరీటం, గంట, నాగలి... ఇప్పటికీ పబ్బుల పేర్లన్నీ ఇలాగే ఉంటాయి. మన ఎన్నికల గుర్తుల వెనకున్న ఆలోచనే ఇదీ. తమ్ముణ్ని అడ్రసు అడిగితే "ఎర్ర సింహం దగ్గర ఎడమకి తిరిగి, తెల్ల దుప్పి దాటాక కుడికి" అన్నాడు. చందమామ కథలో దారి చెబుతున్నట్టుంది.

జిన్ను పట్టిన ఊరు

మనకి దూబగుంట ఉన్నట్టే లండన్‌కీ ఓ చేదు జ్ఞాపకం ఉంది. 1700 తరవాతి యాభై ఏళ్లలో చవక జిన్ను ఆ ఊరిని ముంచేసింది. ఎవరైనా కాచొచ్చు, ఎక్కడైనా అమ్మొచ్చు. సందుల్లో, నేలమాళిగల్లో, తోపుడుబళ్ల మీద దొరికేది. 1734లో ఓ తల్లి సొంత బిడ్డను చంపి, ఒంటిమీది బట్టలు అమ్మి జిన్ను తాగిన కేసు ఊరంతటినీ వణికించింది. 1736లో ప్రభుత్వం లైసెన్సుకి 50 పౌండ్లన్నది. అంత సొమ్ము కట్టేదెవరు? అమ్మకాలు దొంగచాటుకి మళ్లాయి. అల్లర్లు జరిగాయి. 1751లో మరో చట్టం తెచ్చాక గానీ దారికి రాలేదు. అదే ఏడు విలియం హోగార్త్ అనే చిత్రకారుడు రెండు బొమ్మలు గీశాడు. ఒకటి జిన్ను సందు, రెండోది బీరు వీధి. మొదటిదాంట్లో మత్తులో ఉన్న తల్లి చేతుల్లోంచి బిడ్డ జారి పడిపోతుంటుంది. రెండోదాంట్లో జనం ఒళ్లు చేసి, నవ్వుతూ, పనులు చేసుకుంటూ కనిపిస్తారు.

ఆ బొమ్మ చూసినప్పుడు నాకు బీరు వీధి మీద నమ్మకం కుదర్లేదు. సారా మానేసి బీరు తాగండని చెప్పే ప్రకటనలా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రోడ్డెక్కింది మెతక సారా అడగడానికి కాదు, అసలు సారానే వద్దనడానికి. వాళ్ల పోరాటం ఊరూరా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది.

అయితే బీరుకి అక్కడ మరో బలం ఉంది. ఊళ్లో నీళ్లు తాగితే జబ్బు. 1854లో సోహో ప్రాంతంలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో తేల్చాడు. పక్కనే ఉన్న బీరు కర్మాగారం కూలీలకి మాత్రం ఏమీ కాలేదు. వాళ్లకి సొంత బావి ఉంది, పైగా రోజూ ఇచ్చే బీరు ఉంది. మా తమ్ముడి ఆసుపత్రిలో అందరికీ ఇష్టమైన కథ ఇది. అసలు తమాషా చివర్లో ఉంది. ఆ పంపు ఉన్నచోట ఇప్పుడు 'జాన్ స్నో' పేరుతో ఓ పబ్ ఉంది. డాక్టరుగారు జీవితంలో ఎక్కువకాలం మద్యం ముట్టని మనిషి!

అద్దాల తెర

1830లో కొత్త చట్టం వచ్చింది. పన్ను కట్టే ఏ గృహస్థుడైనా రెండు గినీలు చెల్లించి ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. దాంతో వేల ఇళ్లు బీరు ఇళ్లయ్యాయి. జిన్ను అమ్మేవాళ్లు ఊరుకుంటారా? నగిషీ అద్దాలు, గ్యాసు దీపాలు, ఇత్తడి కమ్మీలతో రాజమహళ్లలాంటి దుకాణాలు తెరిచారు. ఇవాళ మనం లండన్ పబ్ అనగానే ఊహించుకునే సొగసంతా ఆ పోటీలో పుట్టిందే.

బ్రిటిష్ మ్యూజియానికి కాస్త దూరంలో 'ది ల్యాంబ్' అనే పబ్ ఉంది. అక్కడ కౌంటరు మీద తల ఎత్తున చిన్నచిన్న అద్దాల తలుపులు వరసగా ఉంటాయి. ఇరుసు మీద తిరుగుతాయి. వాటిని 'స్నాబ్ స్క్రీన్' అంటారు. గొప్పవాళ్లు తాగుతుంటే పోసేవాళ్ల కళ్లు వాళ్ల మీద పడకుండా ఆ ఏర్పాటు. కావాలంటే తలుపు తిప్పి గ్లాసు అడుగుతారు, మళ్లీ మూసుకుంటారు. ఒకే కప్పు కింద పనివాళ్లకి ఓ గది, బాబులకి ఓ గది. ఇక్కడ చెక్క బెంచీ, అక్కడ మెత్తటి సోఫా. అదే బీరుకి అక్కడ కాస్త ఎక్కువ ధర. నేను ఆ అద్దపు తలుపుని అటూ ఇటూ తిప్పి చూశాను. చెక్కడం ఎంత అందంగా ఉందో! మన పల్లెటూరి హోటళ్లలో చూరుకి వేలాడిన రెండో రకం గ్లాసులు గుర్తొచ్చాయి. వాటికి ఈపాటి అందం కూడా లేదు.

పబ్లిక్ హౌస్ అని పేరు పెట్టడం తేలికే. పబ్లిక్‌లోకి ఎవరెవరు వస్తారన్నదాని మీదే అక్కడ వందేళ్లు తగువులు నడిచాయి.

ఫ్లీట్ స్ట్రీట్‌కి వెళ్లకుండా వస్తే మా ఆఫీసులో తలెత్తుకోలేను. ఒకప్పుడు లండన్ పత్రికలన్నీ ఆ వీధిలోనే అచ్చయ్యేవి. 1986లో మర్డోక్ తన పేపర్లని వాపింగ్‌కి తరలించాక మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే సర్దుకున్నారు. పబ్బులు మాత్రం ఉన్నాయి. 1666 మహా అగ్నిప్రమాదం తరవాత మరుసటేడు తిరిగి కట్టిన 'యే ఓల్డ్ చెషైర్ చీజ్'లో పోలీ అనే చిలక ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రాత్రి సీసాల బిరడాలు తీసిన చప్పుడుని నాలుగొందల సార్లు అనుకరించి మూర్ఛపోయిందని చెబుతారు. 1926లో అది చచ్చిపోతే దేశదేశాల పత్రికలు సంతాప వార్తలేశాయి. తాగే బల్ల పక్కనే పంజరం ఉంటే విలేకరులు వదులుతారా!

అదే వీధిలోని 'ఎల్ వీనో' అనే వైన్ బార్ సంగతి నాకు అంత నవ్వు తెప్పించలేదు. అక్కడ ఆడవాళ్లు కౌంటరు దగ్గర నిలబడకూడదు. వెనక గదిలో బల్ల దగ్గర కూర్చుంటే తెచ్చిపెడతారు. ఇందులో అవమానం ఏముందని అడిగేవాళ్లకి నేను చెప్పగలను. కబుర్లన్నీ, అంటే వార్తలన్నీ, కౌంటరు దగ్గరే దొరుకుతాయి. మంత్రిగారి రాజీనామా నుంచి ఎడిటరు బదిలీ దాకా నోటినుంచి నోటికి మారేది అక్కడే. అది మగ విలేకరులకి చెవిన పడుతుంది, వెనక గదిలో ఉన్న ఆడ విలేకరికి పడదు. టెస్ గిల్ అనే లాయరు, ఆనా కూట్ అనే జర్నలిస్టు కోర్టుకెక్కారు. 1975లోనే లింగవివక్ష నిషేధ చట్టం వచ్చినా, కింది కోర్టులో ఓడిపోయి, 1982లో అప్పీలు కోర్టులో గెలిచారు. నేను ప్రెస్ క్లబ్బు మెట్లెక్కిన ప్రతిసారీ కౌంటరు దగ్గర నిల్చోవడం ఓ హక్కని అనుకోను. అలాంటి మామూలు సంగతి కోసం కూడా ఎవరో ఎక్కడో ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది మరి.

రూపాయలు చెల్లును

మనవాళ్ల వంతు అంతకంటే ముందే మొదలైంది. 1950లు, 60ల్లో పంజాబ్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి వెళ్లిన కార్మికులకి చాలా పబ్బుల్లో చోటుండేది కాదు. కొన్ని అసలు రానిచ్చేవి కావు. కొన్ని పనివాళ్ల గదిలో పోసి, మంచి గదిలోకి వద్దనేవి. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే ఊళ్లో ఫౌండ్రీ కార్మికుడు అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ తరఫున ఓ ఉపాయం పన్నాడు. తెల్ల విద్యార్థుల్ని వెంటేసుకుని పబ్బులకెళ్లడం, ఒకరికి పోసి ఒకరిని కాదంటే సాక్ష్యం పట్టుకోవడం. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నేత మాల్కమ్ ఎక్స్ ఆ ఊరు వచ్చి వీళ్లతో కలిసి 'బ్లూ గేట్స్' అనే పబ్‌లో అడుగుపెట్టాడు. ఆయనకీ ఆ గదిలో పొయ్యలేదు. అదే ఏడు వచ్చిన జాతివివక్ష చట్టం పబ్బుల్లాంటి బహిరంగ ప్రదేశాల్లో ఈ వివక్షను నిషేధించింది.

ఆ తరవాత మనవాళ్లు ఇంకో అడుగేశారు. రానివ్వని పబ్బుల్నే కొనేశారు. లండన్‌లో పంజాబీల పేట సౌతాల్. అక్కడ 1990ల్లో 'గ్లాసీ జంక్షన్' అనే పబ్ వెలిసింది. లోపల భాంగ్రా, పళ్లెంలో తందూరీ. కౌంటరు దగ్గర ఇండియన్ రూపాయలిచ్చినా తీసుకునేవారు! ఇప్పుడది లేదు. దాని స్థానంలో దక్షిణాది శాకాహార హోటల్ వచ్చింది. పబ్ పోయి ఇడ్లీ వచ్చిందని తెలిస్తే మా పిన్ని కొబ్బరికాయ కొడుతుంది.

తమ్ముడి పేటలో పబ్ అంత చరిత్ర ఉన్నదేం కాదు. మూలమీద ఎర్ర ఇటుకల కట్టడం, కిటికీల్లో పూలకుండీలు. మంగళవారం రాత్రి అక్కడ క్విజ్ పోటీ ఉంటుంది. వీడి జట్టులో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన, ఓ స్కూలు టీచరు, బస్సు నడిపే ఘనా దేశస్థుడు. క్రికెట్, ఇండియా ప్రశ్నలన్నీ వీడి ఖాతా. "అక్కా, వీళ్లకి రాజులూ రాణుల పేర్లన్నీ నోటికొచ్చు. గోదావరి పొడవా కృష్ణా పొడవా అంటే మాత్రం నా మొహం చూస్తారు" అన్నాడు.

నేను నిమ్మసోడా పట్టుకుని గమనించాను. కౌంటరు దగ్గర వరస ఉండదు గానీ తరవాతి వంతు ఎవరిదో అందరికీ తెలుసు. ముందుకి తోసుకొస్తే అంతకన్నా మర్యాదతక్కువ పని లేదు. ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోవడం కూడా తప్పే. ఒకరు లేచి బల్ల మీదున్న అందరికీ తెస్తారు. తరవాత ఇంకొకరి వంతు. మన పెళ్లి చదివింపుల పద్దులా ఎవరు ఎంత పెట్టారో ఎవరూ పైకి అనరు, ఎవరూ మర్చిపోరు. నాలాగా సోడా తాగేవాళ్లకీ ఆ వంతు తప్పదు. ఆ రాత్రి నా వంతుకి ఇరవై పౌండ్లు వదిలాయి. లండన్‌లో పింటు, అంటే 568 మిల్లీలీటర్ల బీరు, ఆరేడు పౌండ్లుంది మరి.

పదకొండు కావస్తుండగా గంట మోగింది. ఆఖరి గ్లాసు అడిగేవాళ్లు అడగండని. ఈ గంట వెనకున్నది మొదటి ప్రపంచయుద్ధం. ఆయుధ కర్మాగారాల్లో కూలీలు తాగి పనికి రావట్లేదని 1915లో పబ్బుల వేళలు కుదించారు, మధ్యాహ్నం మూసేయమన్నారు, ఒకరికొకరు కొనిపెట్టుకోవడాన్నీ నిషేధించారు. యుద్ధం అయిపోయింది. మధ్యాహ్నం తాళం మాత్రం 1988 దాకా వెయ్యాల్సే వచ్చింది. 2005 నుంచి కావాలంటే రాత్రంతా తెరుచుకునే అనుమతి అడగొచ్చు. అయినా చాలా పేటల్లో పదకొండుకే గంట కొడుతూనే ఉన్నారు.

ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేశాను. మన దగ్గర తెల్లారుతోంది. "వాడు తాగుతున్నాడా?" అని ఒకటే ప్రశ్న. "ఓ గ్లాసు బీరు పిన్నీ. రెండు గంటల సేపు" అని ఉన్నమాట చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"కూర్చునే తాగుతాడా, నిలబడా?" అంది.

"కూర్చునే."

"పక్కన మనుషులుంటారా?"

"ఉంటారు. నలుగురైదుగురు."

"సరే. సున్నుండలు బూజు పట్టకముందే తినమను" అని పెట్టేసింది. ఒప్పుకున్నట్టో, ఓర్చుకున్నట్టో నాకు అంతుబట్టలేదు. బీరైనా బ్రాందీ అయినా మద్యమే. లండన్‌లోనూ తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు కొల్లలుగా ఉన్నారు, వాళ్లను ఆసుపత్రిలో తమ్ముడు రోజూ చూస్తాడు. పిన్నితో ధైర్యం చెప్పే మాట ఒక్కటీ నేను అనలేదు. ఆమె అడగలేదు కూడా.

సున్నుండల మాట చెబితే వాడు నవ్వి ఓ కథ చెప్పాడు. లండన్ తూర్పున బో అనే పేట ఉంది. మద్రాసు, కలకత్తాల్లోని దొరల కోసం హాడ్జ్‌సన్ అనే ఆయన బీరు కాచి ఓడలకెక్కించింది అక్కడి నుంచే. అదే పేటలో ఓ విధవరాలికి ఒక్కడే కొడుకు. ఓడలో పనికెళుతూ, ఈస్టర్ పండక్కి వస్తాను, నా బన్ను తీసి ఉంచమన్నాడట. రాలేదు. ఆమె ప్రతి ఏడూ గుడ్‌ఫ్రైడేకి ఓ కొత్త బన్ను దాచి, పాతవాటితో కలిపి దూలానికి వేలాడదీసేదట. ఆమె గుడిసె ఉన్నచోటే 1848లో కట్టారని చెప్పే పబ్ పేరు 'ది విడోస్ సన్'. గుడ్‌ఫ్రైడే నాడు నౌకాదళం నుంచి ఓ నావికుడు వచ్చి వలలో ఇంకో బన్ను వేయడం అక్కడి ఆనవాయితీ. కథ నిజమో కాదో ఎవరికీ పట్టదు. ఆ మాట చెప్పి తమ్ముడు డబ్బా మూత తీశాడు.

ఇటుక ఇటుకా లెక్కపెట్టి

ఇన్ని యుద్ధాలకి మూతపడని పబ్బులు ఇప్పుడు మూతపడుతున్నాయి. లండన్‌లో 2001లో 4,835 పబ్బులుండేవి. 2016కి 3,615 మిగిలాయి. 2007లో సిగరెట్లు బయటే కాల్చమన్నారు. సూపర్ మార్కెట్లో డబ్బా బీరు చవక. కుర్రకారు మునుపటంత తాగట్లేదు (ఈ ముక్క పిన్నికి చెప్పాను). 2020 మార్చిలో కరోనా వచ్చి అన్నిటికీ తాళం వేయించింది. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ స్థలం ధర. మూలమీదున్న రెండంతస్తుల ఇల్లు పబ్‌గా ఉంటే యజమానికి వచ్చేదెంత, కూల్చి ఫ్లాట్లు కడితే వచ్చేదెంత? హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు ఎలా మాయమయ్యాయో చూసినవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

కిల్‌బర్న్‌లో 'కార్ల్‌టన్ టావెర్న్' అనే పబ్ ఉంది. 1920-21లో కట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ వీధి మీద బాంబులు పడితే నిలబడింది అదొక్కటే. 2015 ఏప్రిల్‌లో యజమానులు సరుకు లెక్కలు చూడాలని ఓ రోజు మూయించి, అనుమతి లేకుండానే పొక్లెయినర్లతో కూలగొట్టారు. వారసత్వ కట్టడంగా గుర్తించే నిర్ణయం రెండ్రోజుల్లో రావాల్సి ఉండగా! అయితే పేటవాళ్లు ముందే అనుమానపడ్డారు. అధికారుల చేత లోపలి పలకలకి అచ్చులు తీయించి, ఫొటోలు తీయించి ఉంచారు. దాంతో కౌన్సిల్ ఏమందంటే... ఎలా ఉన్నది అలా, ఇటుక ఇటుకా పేర్చి కట్టండి. విచారణలయ్యాయి, అప్పీళ్లయ్యాయి. 2021 ఏప్రిల్‌లో అదే చోట, అదే ముఖంతో ఆ పబ్ తిరిగి తెరుచుకుంది. మన ఊళ్లో రాత్రికి రాత్రి కూల్చిన పాత భవంతుల గురించి నేను ఎన్నో వార్తలు రాశాను. తిరిగి కట్టించిన వార్త రాసే అవకాశం రాలేదు.

నన్‌హెడ్‌లో 'ఐవీ హౌస్' జనం ఇంకో దారి పట్టారు. 2011లో వచ్చిన చట్టం ప్రకారం ఓ కట్టడం పేటకి అవసరమని స్థానికులు నమోదు చేయిస్తే, అమ్మకానికి పెట్టినప్పుడు కొనుక్కోవడానికి వాళ్లకి కొంత గడువు దొరుకుతుంది. ఆ చట్టం కింద దేశంలో మొట్టమొదట నమోదైంది ఆ పబ్బే. మూడొందల మందికి పైగా వాటాలు వేసుకుని కొనేశారు. 2013లో తెరిచారు.

తమ్ముడి పేటలో పబ్ ఇది రాస్తున్న రోజుకి తెరిచే ఉంది. నేను వెళ్లిన మంగళవారం మాత్రం క్విజ్‌కి ముందు అందరి మొహాల్లోనూ అదే గుబులు. ఎవరో వచ్చి గోడలు కొలిచి వెళ్లారట. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఓ కాగితం పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. పబ్‌ని నమోదు చేయమని అడగాలంటే ఆ ప్రాంతం ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు కనీసం 21 మంది కావాలి. మా దగ్గరికొచ్చి కాగితం తమ్ముడి ముందు పెట్టాడు.

"నాది ఇండియా పాస్‌పోర్టు" అన్నాడు తమ్ముడు.

"మేలో మేయరు ఎన్నికలకి ఓటేశావా లేదా?" అన్నాడాయన.

వేశాడు. కామన్‌వెల్త్ దేశాల పౌరులు అక్కడ నివాసముంటే ఓటర్లుగా చేరొచ్చు. తమ్ముడు గ్లాసు పక్కకి జరిపి, తడి తుడిచి, కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసేసరికి గీత దాటి పక్క గడిలోకి పోయింది. ఏళ్ల తరబడి వేల ఇళ్లకి ఉత్తరాలు పంచిన ముసలాయన కళ్లజోడు సవరించుకుని, ఆ పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పక్కన 19 అని అంకె వేసుకున్నాడు. ఇంకా ఇద్దరు కావాలంటూ కిటికీ పక్క బల్ల వైపు నడిచాడు.